పేపర్‌లో ఏఐ సాయం తీసుకున్నాం: ఏది చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఏది తీసేయాలి?

తొలి_సబ్మిషన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆరోగ్య సర్వే మీద రాసిన పేపర్ ఒకటి సబ్మిషన్‌కు దాదాపు సిద్ధంగా ఉంది. నలుగురు రచయితలం. జర్నల్ ఇంకా ఖాయం చేసుకోలేదు, రెండు మూడు మనసులో ఉన్నాయి. ఏఐని ఐదు చోట్ల వాడాం.

ఒకటి, ఇంట్రడక్షన్, డిస్కషన్ భాగాల్లో ఇంగ్లిష్ సరిచేయించాం. కొన్ని పేరాలు పూర్తిగా తిరగరాయించాం కూడా. రెండు, డేటా శుభ్రం చేసే పైథాన్ స్క్రిప్ట్ రాయించాం. మూడు, పాత పేపర్లు వెతకడానికి వాడాం. మొత్తం 60 రిఫరెన్సుల్లో 15 దాకా అలా దొరికినవే. నాలుగు, సర్వేలో జనం సొంత మాటల్లో రాసిన 400 జవాబులను కేటగిరీలుగా విడగొట్టించాం. ఐదు, గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశాన్ని చూపే బొమ్మ) గీయించాం.

వీటిలో ఏవి చెప్పి తీరాలి, పేపర్‌లో ఏ భాగంలో చెప్పాలి? చెబితే ఆ ఒక్క కారణంతో తిప్పి పంపే ప్రమాదం ఉందా? ఇంకొకటి: మాలో ఒకరికి వేరే జర్నల్ నుంచి రివ్యూకి పేపర్ వచ్చింది. దాన్ని చాట్‌బాట్‌లో పెట్టి సారాంశం తీసుకోవచ్చా?

ఎర్ర_కలం (జర్నల్ కాపీ ఎడిటింగ్)

జర్నల్ ఏదైనా మారని విషయంతో మొదలుపెడదాం. ఏఐ పేరు రచయితల వరసలో ఉండకూడదు. ప్రచురణ నైతికత చూసే కోప్ సంస్థ 2023 ఫిబ్రవరిలో, వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ 2023 మేలో ఈ మాట స్పష్టంగా చెప్పాయి. కారణం సూటిగానే ఉంది. రచయిత అంటే పేపర్ మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సిన మనిషి. కాపీరైట్ ఒప్పందం మీద, ప్రయోజనాల సంఘర్షణ ప్రకటన మీద సంతకం పెట్టాల్సిన మనిషి. టూల్ ఆ పని చేయలేదు. అందుకే అది రాసిన ముక్కలో తప్పు దొర్లితే నేరుగా మీ నలుగురి మీదికే వస్తుంది. ఏఐ ఇచ్చిన జవాబును ఒక వాస్తవానికి ఆధారంగా, అంటే రిఫరెన్సుగా చూపడం కూడా ఐసీఎంజేఈ ప్రకారం కుదరదు.

ఇప్పుడు మీ ఐదు పనులు. ఐసీఎంజేఈ పద్ధతిలో ఏఐ వాడిన సంగతి కవర్ లెటర్‌లోనూ చెప్పాలి, పేపర్‌లోనూ చెప్పాలి. రాతకు సాయం తీసుకుంటే అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో. డేటా సేకరణకో, విశ్లేషణకో, బొమ్మలకో వాడితే మెథడ్స్‌లో. ఈ లెక్కన మీ మొదటి పని అక్నాలెడ్జ్‌మెంట్స్‌కు వెళుతుంది, రెండోది, నాలుగోది మెథడ్స్‌కు వెళతాయి. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ జర్నళ్లయితే రాతలో వాడకానికి రిఫరెన్సుల జాబితాకు కాస్త ముందు విడిగా ఒక డిక్లరేషన్ అడుగుతారు. ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ వాళ్లు అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో టూల్ పేరుతో పాటు ఏయే సెక్షన్లలో, ఎంత మేరకు వాడారో అడుగుతారు. వైద్య పత్రిక జామా ఇంకా లోతుకు వెళుతుంది: టూల్ పేరు, వెర్షన్, తయారీ సంస్థ, వాడిన తేదీలు, ఏ పనికి వాడారన్న వివరణ, అన్నీ కావాలి. జర్నల్ ఖాయం కాలేదన్నారు కాబట్టి జామా అడిగేంత వివరం ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి. ఎక్కువ రాసుకున్నది కుదించడం తేలిక. మూడు నెలల కిందట ఏ వెర్షన్ వాడామో తర్వాత గుర్తు తెచ్చుకోవడం మాత్రం కష్టం.

మొదటి పనిలో అసలు చిక్కు «సరిచేయించాం», «తిరగరాయించాం» అన్న రెండు మాటల మధ్య ఉంది. అక్షర దోషాలు, వ్యాకరణం, విరామ చిహ్నాలు దిద్దించుకోవడాన్ని చాలా జర్నళ్లు లెక్కలోకి తీసుకోవు. మరో ప్రచురణ సంస్థ స్ప్రింగర్ నేచర్ అయితే మనిషి రాసిన వచనాన్ని చదవడానికి వీలుగా, తప్పుల్లేకుండా చేయడాన్ని కాపీ ఎడిటింగ్ కింద పెట్టి, దాన్ని ప్రకటించక్కర్లేదంటుంది. కానీ టూల్ సొంతంగా విషయం పుట్టిస్తే ఆ మినహాయింపు వర్తించదు. పూర్తిగా తిరగరాయించిన పేరాలు మీకున్నాయి కాబట్టి మినహాయింపు మీద ఆధారపడకండి. ప్రకటించండి.

ఎలా రాయాలంటే, «భాష మెరుగు కోసం ఏఐ టూల్స్ వాడాం» అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎడిటర్ నుంచి ప్రశ్న తిరిగొస్తుంది. ఏ టూల్? ఎక్కడ? ఇలా రాస్తే సరిపోతుంది: «ఇంట్రడక్షన్, డిస్కషన్ భాగాల్లో రచయితలు రాసిన ఇంగ్లిష్ వాక్యాలను తిరగరాయడానికి ఫలానా టూల్, ఫలానా వెర్షన్, ఫలానా సంస్థ తయారుచేసినది, ఫలానా తేదీల మధ్య వాడాం. వచ్చిన ప్రతి వాక్యాన్నీ రచయితలు అసలు డ్రాఫ్ట్‌తో పోల్చి చూసి సరిదిద్దారు. ఇందులోని విషయానికి పూర్తి బాధ్యత రచయితలదే.»

ఆ రెండో వాక్యం ఊరికే అలంకారానికి రాసేది కాదు. నిజంగా పోల్చి చూశాకే రాయండి. ఎందుకంటే తిరగరాతలో అర్థం జారిపోయేది అక్కడే. «తక్కువ నిద్రకూ అధిక రక్తపోటుకూ సంబంధం కనిపించింది» అని మీరు రాస్తే, టూల్ దాన్ని చక్కగా తిప్పి «తక్కువ నిద్ర రక్తపోటును పెంచుతుంది» అని ఇస్తుంది. చదవడానికి బాగుంది. కానీ మీది ఒక్కసారి చేసిన సర్వే. ఏది ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో దానికి తెలియదు. సంబంధం కాస్తా కారణం అయిపోయింది! రివ్యూయర్ పట్టుకునే మొదటి తప్పు ఇదే. ఆడ్స్ రేషియో గురించి రాసిన వాక్యంలోకి «రిస్క్» అన్న మాట రావడం (రెండూ వేర్వేరు కొలతలు), ప్రివలెన్స్ (ఎంతమందికి ఉంది) ఉన్నచోట ఇన్సిడెన్స్ (కొత్తగా ఎంతమందికి వచ్చింది) పడటం, «బహుశా», «ఈ నమూనా మేరకు» లాంటి జాగ్రత్త మాటలు ఎగిరిపోవడం కూడా ఇదే కోవ. వర్డ్‌లో కంపేర్ ఆప్షన్‌తో పాత డ్రాఫ్టునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి క్రియాపదాలు, జాగ్రత్త మాటలు, అంకెలు, సాంకేతిక పదాలు, ఈ నాలుగింటిని మాత్రమే చూసుకుంటూ ఒకసారి చదవండి. శైలి జోలికి ఆ విడతలో వెళ్లకండి, కళ్లు పక్కదారి పడతాయి.

గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్ సంగతి: తీసేయండి. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్ రెండూ జనరేటివ్ ఏఐతో చేసిన బొమ్మలను సాధారణంగా ఒప్పుకోవు. పరిశోధనే ఏఐ బొమ్మల మీద అయితే, పద్ధతిలో భాగమైతే, అది వేరే లెక్క. ప్రకటిస్తే సరిపోతుంది కదా అనుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో ఫ్రాంటియర్స్ వారి ఒక సెల్ బయాలజీ జర్నల్‌లో ఎలుక శరీర నిర్మాణం బొమ్మ వచ్చింది. అవయవాలు ఎక్కడా లేని ఆకారంలో ఉన్నాయి, వాటికి పెట్టిన పేర్లు ఏ భాషలోనూ లేని మాటలు. బొమ్మలు మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో చేశామని రచయితలు పేపర్‌లోనే రాశారు. అయినా కొద్ది రోజుల్లోనే పేపర్ రిట్రాక్ట్ అయింది, అంటే జర్నల్ దాన్ని వెనక్కి తీసుకుంది. మీ అబ్‌స్ట్రాక్ట్‌కు నాలుగు పెట్టెలు, మూడు బాణాలు చాలు. పవర్‌పాయింట్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో చేతితో గీసుకోండి.

చెబితే తిప్పి పంపుతారా అన్నారు. సరిగ్గా ప్రకటించినంత మాత్రాన తిప్పి పంపే విధానం పెద్ద ప్రచురణ సంస్థల్లో లేదు. దాచింది బయటపడినప్పుడే చిక్కు. అయితే విధానాలు మాత్రం మారుతుంటాయి. సైన్స్ పత్రిక 2023 జనవరిలో ఏఐ రాసిన వచనం అసలు వద్దంది, అదే ఏడాది నవంబర్‌లో ప్రకటనతో వాడొచ్చని మార్చింది. సబ్మిట్ చేసే రోజున ఆ జర్నల్ రచయితల సూచనల పేజీ మళ్లీ తెరిచి చూడండి. పోయిన నెల దించుకున్న పీడీఎఫ్‌ను నమ్ముకోవద్దు.

కప్పా_విలువ (గణాంక విశ్లేషణ)

రాత సంగతి పైన చెప్పేశారు. నాకు ఎక్కువ కంగారు పుట్టించేది మీ నాలుగో పని. అది రాతసాయం కాదు, కొలత. 400 జవాబులను కేటగిరీలు చేసింది టూల్ అయితే మీ ఫలితాల పట్టిక టూల్ తీర్పు మీద నిలబడి ఉంది. అక్కడ «వాడాం» అంటే చాలదు, «ఎంత సరిగా చేసింది» అన్నది చూపించాలి.

పద్ధతి ఇది. ముందు కేటగిరీల నిర్వచనాలు కాగితం మీద ఖాయం చేయండి. ఒక్కోదానికి ఏది లోపలికి వస్తుంది, ఏది రాదు, రెండు రెండు ఉదాహరణలు. 400లో ర్యాండమ్‌గా 100 తీయండి. ఇద్దరు రచయితలు ఒకరిది ఒకరు చూడకుండా, టూల్ ఇచ్చిన జవాబులు అసలు చూడకుండా వాటిని కోడ్ చేయాలి, అంటే ఏది ఏ కేటగిరీయో గుర్తించాలి. టూల్ జవాబు కళ్ల ముందు ఉంటే చెయ్యి తెలియకుండా దానివైపే వెళుతుంది, ఆ పోలికకు విలువ ఉండదు. ముందు ఇద్దరు మనుషుల మధ్య కోహెన్ కప్పా (యాదృచ్ఛికంగా కుదిరింది తీసేసి చూసే ఏకీభావం కొలత, 1 అంటే పూర్తి ఏకీభావం) లెక్కించండి. అదే తక్కువగా వస్తే తప్పు టూల్‌ది కాదు, నిర్వచనాలది. వాటిని దిద్దుకుని మరో 100 మీద మళ్లీ చేయండి. తర్వాత ఇద్దరూ తేడాలు మాట్లాడుకుని ఒప్పుకున్న తుది కోడింగ్‌తో టూల్‌ను పోల్చండి.

పోలిక కేటగిరీవారీగా ఇవ్వండి. మొత్తం ఏకీభావ శాతం ఒక్కటే ఇస్తే ఎలా మోసపోతామో చూడండి. 100 జవాబుల్లో «ఖర్చు భరించలేక» అన్న కేటగిరీ నిజానికి 5 చోట్ల ఉందనుకుందాం. టూల్ ఒక్కటి సరిగ్గా పట్టుకుని, నాలుగు వదిలేసింది, తప్పుగా ఇంకెక్కడా చేర్చలేదు. ఏకీభావం 96 శాతం. చూడటానికి ఎంత బాగుందో! కానీ యాదృచ్ఛికంగా కుదిరే ఏకీభావమే 94.1 శాతం. కప్పా లెక్కిస్తే 0.32 వస్తుంది. అంటే మీ పేపర్‌కు ప్రాణమైన అరుదైన కేటగిరీని టూల్ అయిదింట నాలుగు సార్లు చూడలేకపోయింది. అలాంటి కేటగిరీ తేలితే మిగతా 300 జవాబుల్లో కూడా దాన్ని మనుషులే వెతకాలి. మొత్తం 400 జవాబులే కదా, ఇద్దరు కూర్చుంటే చేతితోనే అయిపోయే పని. నన్నడిగితే మనుషులు చేసిన కోడింగ్‌నే ప్రధాన ఫలితంగా పెట్టి, టూల్ కోడింగ్‌ను పోలికగా చూపించమంటాను.

మెథడ్స్‌లో ఉండాల్సినవి: మోడల్ పూర్తి పేరు, తేదీతో కూడిన వెర్షన్, చాట్ తెర మీద వాడారా ఏపీఐ (ప్రోగ్రామ్ నుంచి నేరుగా పంపే దారి) ద్వారా వాడారా, టెంపరేచర్ (జవాబు ఎంత మారొచ్చో నియంత్రించే సెట్టింగ్) విలువ, ప్రాంప్ట్ (టూల్‌కు ఇచ్చిన ఆదేశం) అక్షరం పొల్లుపోకుండా (సప్లిమెంట్‌లో పెట్టొచ్చు), జవాబులను ఒక్కొక్కటిగా పంపారా గుంపుగా పంపారా అన్నది. గుంపుగా పంపితే ముందు జవాబు ప్రభావం తర్వాతి దాని మీద పడుతుంది. చాట్ తెర మీద చేసి ఉంటే వెనక మోడల్ ఎప్పుడు మారిందో మీకు తెలియదు. టెంపరేచర్ సున్నా పెట్టినా ప్రతిసారీ అదే జవాబు వస్తుందన్న హామీ లేదు, కాబట్టి అదే 400ను మూడుసార్లు నడిపి ఎన్నింట్లో కేటగిరీ మారిందో చెప్పండి. వచ్చిన అవుట్‌పుట్ ఫైళ్లు మార్చకుండా అలాగే దాచండి.

ఇంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ 400 మంది తమ మాటలు బయటి కంపెనీ సర్వర్‌కు వెళ్లడానికి ఒప్పుకున్నారా? సమ్మతి పత్రం తీసి చదవండి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్ కూడా చూడండి. పేర్లు తీసేశాం కదా అంటే కుదరదు. సొంత మాటల్లో రాసిన జవాబులో జబ్బు, ఉద్యోగం, ఊరు, ఇంట్లో ఎంతమంది అన్నవి కలిసి వస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. అనుమతి లేకుండా పంపి ఉంటే పేపర్‌లో ఎంత నిజాయితీగా ప్రకటించినా ఆ లోటు పూడదు. సబ్మిషన్ ఆపి ముందు ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా చెప్పండి. ఇకముందు అలాంటి డేటాకు మీ సొంత యంత్రం మీదే నడిచే మోడల్ వాడండి, లేదా చేతితో చేయండి.

పైథాన్ స్క్రిప్ట్ గురించి. కోడ్ ఎర్రర్ లేకుండా నడిచింది కాబట్టి సరైనదే అనుకోవడం పెద్ద పొరపాటు. ఈ టూల్స్ రాసే పాండాస్ (పైథాన్‌లో పట్టికలతో పనిచేసే లైబ్రరీ) కోడ్‌లో తప్పులు చప్పుడు చేయవు. మూడు చోట్ల చూడండి. రెండు పట్టికలు కలిపే మెర్జ్ దగ్గర, ఐడీ రెండు వైపులా రిపీట్ అయితే వరసలు గుణించుకుంటూ పెరుగుతాయి. వాలిడేట్ అన్న ఆర్గ్యుమెంట్‌తో ఒకటికి ఒకటే ఉండాలని కట్టడి పెట్టండి. గ్రూపులవారీగా లెక్కించే గ్రూప్‌బై దగ్గర, గ్రూపు కాలమ్ ఖాళీగా ఉన్న వరసలు మీరు చెప్పకుండానే లెక్కలోంచి జారిపోతాయి, డీఫాల్ట్ అదే. ఇక సైపై అనే పైథాన్ లైబ్రరీలో టీ టెస్ట్ (రెండు గ్రూపుల సగటులను పోల్చేది) డీఫాల్ట్‌గా రెండు గ్రూపుల వేరియన్స్ (విలువల చెదురు) సమానమని అనుకుంటుంది. మెథడ్స్‌లో వెల్చ్ టెస్ట్ (అలా అనుకోని టీ టెస్ట్) అని రాసి, కోడ్‌లో ఆ ఆప్షన్ మార్చకపోతే పేపర్ ఒకటి, లెక్క ఇంకొకటి. ప్రతి అడుగు తర్వాత వరసల సంఖ్య ప్రింట్ చేయించండి. ఆ సంఖ్యలు మీ ఫ్లో చార్టులోని సంఖ్యలతో కలవాలి. చివరగా ఒక 20 వరసలు ఎక్సెల్‌లో చేత్తో లెక్కగట్టి స్క్రిప్ట్ ఫలితంతో పోల్చండి.

డీఓఐ_వెతుకులాట (గ్రంథాలయ శాస్త్రం)

ఆ 15 రిఫరెన్సుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రకటన దృష్టితో చూస్తే అది చిన్న విషయమే, పేపర్ మాత్రం అక్కడే మునిగిపోగలదు.

లేని రిఫరెన్సు చూడగానే దొరికిపోయేలా ఉండదు. రచయితల పేర్లు నిజమైనవే, ఆ రంగంలో పనిచేసేవాళ్లే. జర్నల్ నిజమైనదే. ఏడాది, వాల్యూమ్ కూడా సరిపోతాయి. పేపర్ మాత్రం ఉండదు. అందుకే పేరు చూసి «ఔను, ఈయన ఇలాంటివే రాస్తారు» అనుకుని వదిలేయకండి. ముందు డీఓఐని (ప్రతి పేపర్‌కూ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్యను) డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేయండి. నకిలీదైతే దొరకలేదని వస్తుంది, లేదా సంబంధం లేని వేరే పేపర్ తెరుచుకుంటుంది. ఈ రెండోది చాలామంది గమనించరు. లింక్ పనిచేసింది కదా అని టిక్ కొట్టేస్తారు. తెరుచుకున్న పేజీలో శీర్షిక, మొదటి రచయిత, ఏడాది, పేజీ సంఖ్యలు, ఈ నాలుగూ మీ జాబితాతో కలవాలి. డీఓఐ లేకపోతే శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్‌లోనూ, జర్నల్ సొంత సైట్‌లోనూ వెతకండి. రెండు చోట్లా లేకపోతే తీసేయండి. దానికి దగ్గరగా ఉన్న ఇంకో పేపర్‌ను అక్కడ అతికించకండి.

రెండో మెట్టు, ఆ పేపర్ రిట్రాక్ట్ అయిందేమో చూడటం. రిట్రాక్ట్ అయిన పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ తెరిచిపెట్టింది. జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్సులు దాచుకుంటే రిట్రాక్ట్ అయిన వాటి మీద హెచ్చరిక దానంతటదే కనిపిస్తుంది.

మూడో మెట్టు చాలా ముఖ్యం, కానీ ఎక్కువమంది వదిలేసేది ఇదే. పేపర్ ఉంది, నిజమైనదే, కానీ మీరు చెప్పిన మాట అందులో లేదు. ఈ తప్పును ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా పట్టలేదు. పీడీఎఫ్ తెరిచి, మీ వాక్యానికి ఆధారమైన వాక్యం ఏ పేజీలో ఉందో వెతికి పట్టుకుని, జొటెరో నోట్‌లో ఆ పేజీ సంఖ్యతో రాసుకోండి. పేజీ సంఖ్య రాయలేకపోతే ఆ రిఫరెన్సు వాడే హక్కు మీకు లేదన్నట్టే లెక్క. అబ్‌స్ట్రాక్ట్ చదివి ఊరుకుంటే కూడా చాలదు. సర్వే పేపర్లలో నమూనా ఎంత, వయసు ఎంత అన్నవి లోపల మారిపోతుంటాయి.

తప్పు మాట ఒకటి వ్యవస్థలోకి దిగితే ఎలా బతుకుతుందో చూడాలంటే «వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ» కథ చాలు. అలాంటి పరికరం ప్రపంచంలో లేదు. 1959 నాటి ఒక పేపర్‌ను స్కాన్ చేసినప్పుడు ఎడమ కాలమ్‌లోని «వెజిటేటివ్», పక్క కాలమ్‌లోని «ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ» ఒకే వరసలో ఉండటంతో కలిసిపోయాయి. దీనికి తోడు ఫార్సీలో «స్కానింగ్», «వెజిటేటివ్» అన్న మాటలకు రాతలో తేడా ఒక్క చుక్కే. అలా పేపర్లలోకి చేరిన ఆ పదబంధాన్ని ఇప్పుడు భాషా మోడళ్లు కూడా పలుకుతున్నాయి. మీ రంగంలో ఎప్పుడూ వినని పదబంధం టూల్ ఇచ్చిన వచనంలో కనిపిస్తే, అది కొత్త విషయం అనుకునే ముందు ఇది గుర్తు చేసుకోండి.

రెండో_రివ్యూయర్

చాట్‌బాట్‌లో పెట్టి సారాంశం తీసుకోవచ్చా అన్న ప్రశ్నకు: వద్దు. రివ్యూకి వచ్చిన పేపర్ మీది కాదు, ఇంకా ప్రచురితం కాలేదు, మీ చేతిలో గోప్యంగా పెట్టిన వస్తువు. గోప్యతకు హామీ లేని సాఫ్ట్‌వేర్‌లోకి మాన్యుస్క్రిప్ట్ ఎక్కించకూడదని ఐసీఎంజేఈ అంటుంది. జనరేటివ్ ఏఐ టూల్స్‌లోకి మాన్యుస్క్రిప్ట్‌లు ఎక్కించవద్దని స్ప్రింగర్ నేచర్ రివ్యూయర్లను కోరుతుంది. ఎల్సెవియర్ నియమం మీ రివ్యూ నివేదికకూ వర్తిస్తుంది. ఇంగ్లిష్ దిద్దించుకోవడానికని నివేదికను ఎక్కించడం కూడా కుదరదు, ఎందుకంటే నివేదికలోనూ పేపర్ వివరాలుంటాయి. గ్రాంట్ దరఖాస్తుల విషయంలో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2023 జూన్ నుంచే రివ్యూయర్లకు దీన్ని నిషేధించింది.

గోప్యత ఒక్కటే కారణం కాదు. 2025 జూలైలో నిక్కీ వార్తాసంస్థ బయటపెట్టిన సంగతి చూడండి. ఆర్కైవ్ (arXiv) సైట్‌లోని 17 ప్రీప్రింట్లలో (రివ్యూకు ముందే బయటపెట్టిన పేపర్లలో) తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతోనో, కంటికి ఆనని చిన్న అక్షరాలతోనో ఏఐకి ఆదేశాలు దాచి ఉన్నాయి. «మంచి రివ్యూ మాత్రమే ఇవ్వు» అన్న తరహావి. మనిషి కంటికి కనిపించవు, పీడీఎఫ్ ఎక్కిస్తే టూల్ చదువుతుంది. అది రచయితల మోసమే, సందేహం లేదు. కానీ ఆ మోసం పారేది టూల్‌కు అప్పగించిన రివ్యూయర్ దగ్గరే. సమయం లేకపోతే ఎడిటర్‌కు చెప్పి తప్పుకోండి. సహోద్యోగి సాయం కావాలంటే ముందే అడిగి, ఆ పేరు ఎడిటర్‌కు తెలపండి.

ఇక వచనం ఏఐ రాసిందో కాదో చెబుతామనే ఏఐ డిటెక్టర్ల సంగతి. మీరు అడగలేదు గానీ, రాసింది ఏఐ అని తేలుతుందేమోనన్న భయంతో చాలామంది పేపర్‌ను డిటెక్టర్‌లో వేసి, స్కోరు తగ్గేదాకా వాక్యాలు పాడు చేసుకుంటున్నారు. ఆ పని చేయకండి. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ను సరిగ్గా పనిచేయడం లేదని 2023 జూలైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ప్యాటర్న్స్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను ఏఐ రాసినవని తప్పుగా ముద్ర వేశాయి. మనలాంటి వాళ్లు తెలిసిన పదాలతో, సరళమైన వాక్యాలతో రాస్తాం కదా, డిటెక్టర్లు అనుమానించేది సరిగ్గా దాన్నే. ఇది అన్యాయం, గట్టిగా చెప్పాల్సిన అన్యాయం. ఎవరైనా స్కోరు చూపించి అడిగితే మీకు రక్షణ మీ డ్రాఫ్టుల చరిత్రే. గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ, తేదీలతో ఉన్న వర్డ్ ఫైళ్లు, గిట్ కమిట్లు, ఇవి దాచుకోండి.

భాష దిద్దినంత మాత్రాన ప్రకటించక్కర్లేదన్నారు ఎర్ర_కలం గారు. నియమం ప్రకారం నిజమే. నేను మాత్రం అక్కడ కూడా ఒక వాక్యం రాయమంటాను. దిద్దడం ఎక్కడ ఆగి తిరగరాయడం ఎక్కడ మొదలైందో రచయితకూ రివ్యూయర్‌కూ ఒకేలా కనిపించదు.

తొలి_సబ్మిషన్

చాలా చాలా థ్యాంక్స్ అండి. సమ్మతి పత్రం తీసి చూస్తాం, అంతవరకు సబ్మిషన్ ఆపుతున్నాం. బొమ్మ తీసేస్తున్నాం. రెండు సందేహాలు మిగిలాయి. ఇందులో ఒక సహరచయిత ఏం వాడారో మిగతా ముగ్గురికి పూర్తిగా తెలియకపోతే ఎలా? ఇప్పటికే ప్రకటన లేకుండా వేరే జర్నల్‌కు పంపిన పేపర్ ఉంటే ఏం చేయాలి?

ఎర్ర_కలం (జర్నల్ కాపీ ఎడిటింగ్)

రెండో_రివ్యూయర్ గారి మాటతో నాకు పేచీ లేదు. ఒక వాక్యం ఎక్కువ రాసినందుకు నష్టపోయేది ఏమీ లేదు.

సహరచయితల విషయం. అందరి తరఫున ప్రకటన ఇచ్చేది కరెస్పాండింగ్ ఆథర్, అంటే జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత. తెలియని దానికి హామీ ఇవ్వకూడదు. సబ్మిట్ చేసే ముందు నలుగురికీ ఒకే మెయిల్ పంపండి: ఏ టూల్, ఏ వెర్షన్, ఏ తేదీలు, పేపర్‌లో ఏ భాగం, ఏం ఎక్కించారు, వచ్చిన దాంట్లో ఏం ఉంచారు. వాడకపోతే «వాడలేదు» అని రాసి పంపాలి. మౌనాన్ని లేదన్న జవాబుగా తీసుకోవద్దు. జవాబులు ఒక షీట్‌లో పెట్టండి, డిక్లరేషన్ దాని నుంచే రాయండి. తర్వాతి పేపర్‌కు ఈ షీట్ మొదటి రోజు నుంచే తెరిచి ఉంచితే ఇప్పుడు పడుతున్న వెతుకులాట ఉండదు.

ఇప్పటికే పంపిన పేపర్‌కు: రివ్యూలో ఉంటే మాన్యుస్క్రిప్ట్ నంబర్ వేసి ఎడిటర్‌కు మెయిల్ చేయండి. ఏం వాడారో, ఎక్కడ వాడారో చెప్పి, రివిజన్‌లో ప్రకటన చేరుస్తామని రాయండి. క్షమాపణలతో పేజీ నింపక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు. యాక్సెప్ట్ అయి ఇంకా వెలువడకపోతే ప్రూఫ్ (అచ్చుకు ముందు చూసుకోవడానికి పంపే ప్రతి) వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే రాయండి. ప్రూఫ్ దశలో కొత్త వాక్యం చేర్చాలంటే ఎడిటర్ అనుమతి మళ్లీ కావాలి. ప్రచురితమైపోతే కరెక్షన్ అడగాలి. దాన్ని వేయాలా, ఇంకేదైనా చేయాలా అన్నది ఎడిటర్ నిర్ణయం. మీ అంతట మీరే ముందు చెప్పడానికీ, రివ్యూయరో పాఠకుడో పట్టుకున్నాక చెప్పడానికీ మధ్య తేడా చాలా ఉంటుంది.

ఇంకొక్క జాగ్రత్త. పేర్లు దాచి రివ్యూ చేసే జర్నళ్లలో అక్నాలెడ్జ్‌మెంట్స్‌ను మాన్యుస్క్రిప్ట్‌లోంచి తీసి టైటిల్ పేజీ ఫైల్‌లో పెట్టమంటారు. మీ ఏఐ ప్రకటన కూడా దాంతోపాటే అటు వెళ్లిపోతుంది. యాక్సెప్ట్ అయ్యాక టైప్‌సెట్టింగ్‌లో ఆ ఫైల్ నుంచి వెనక్కి తెచ్చి కలిపేటప్పుడు ఆ పేరా జారిపోవచ్చు. ప్రూఫ్ రాగానే అంకెల కన్నా ముందు ఆ పేరా ఉందో లేదో చూడండి. లేకపోతే ప్రూఫ్ క్వెరీల్లో అది ఎక్కడ రావాలో చెబుతూ మొత్తం పేరాను మళ్లీ అతికించి పంపండి.